లింకులు పదిహేడు.. పూర్తి చేసినవి సున్నా!

రెండేళ్ల కిందట సంక్రాంతికి ఇంటికెళ్లాను. భోజనాలయ్యాక అక్క మెల్లగా అడిగింది: "ఒరేయ్, అకౌంట్స్ మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలంటే ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఏమైనా ఉంటాయా?"

మాది మార్కాపురం. పలకలకు పేరున్న ఊరు. అక్క బీకాం చదివింది. చదువవ్వగానే పెళ్లి, ఆ తర్వాత పాప. ఎనిమిదేళ్లు పుస్తకం ముట్టుకోలేదు. పాపని స్కూల్లో వేశాక, ఊళ్లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో మనిషి కావాలంటే వెళ్లింది. ఆయన ఒక చిన్న ప్రశ్న వేశారట. "షాపు ఓనరు ఇంటి ఖర్చుకని గల్లాపెట్టెలోంచి అయిదు వేలు తీసుకున్నాడు. ఎంట్రీ రాయమ్మా" అని. అక్క పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. "ఫస్ట్ క్లాస్ అని రాశావు కదమ్మా" అని ఆయన మామూలుగానే అన్నా, ఆ మాట బాగా గుచ్చుకుందట.

అక్క అడిగితే ఊరుకుంటానా? హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముణ్ని! పది నిమిషాల్లో వాట్సాప్‌లో పదిహేడు లింకులు పంపించా. యూట్యూబ్ ప్లేలిస్టులు, కోర్సులు, పీడీఎఫ్‌లు.. ఏదీ వదల్లేదు.

రాత్రి పదకొండింటికి రిప్లై వచ్చింది. "పదిహేడు పంపావు. వీటిలో గానీ, ఇలాంటివాటిలో గానీ నువ్వు చివరిదాకా చేసింది ఏదిరా?"

సమాధానం టైప్ చేయబోయి ఆగిపోయా. ఎందుకంటే.. ఏదీ లేదు.

ఫ్రీ అనేసరికి..

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క తీశా. నా యూట్యూబ్ 'వాచ్ లేటర్'లో 214 వీడియోలున్నాయి. చేరిన ఆన్‌లైన్ కోర్సులు తొమ్మిది. అన్నిట్లోనూ మొదటి వారం పూర్తయింది. రెండో వారం దాటింది ఒక్కటీ లేదు. ఫోన్లో పుస్తకాల పీడీఎఫ్‌లు నలభై దాకా ఉన్నాయి. వాటిలో మొదటి చాప్టర్ దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని మనవాళ్లు ఊరికే అనలేదు. కాకపోతే నేను ఆ ఫినాయిల్ తాగనైనా తాగలేదు. సీసాలు తెచ్చి అల్మరాలో పేర్చుకున్నానంతే! 'సేవ్' నొక్కిన ప్రతిసారీ ఏదో నేర్చేసుకున్నట్టు ఒక తృప్తి కలుగుతుంది. ఆ తృప్తే నన్ను ముంచింది.

ఇంకో సంగతి అక్కకి అప్పటికి చెప్పలేదు. ఆ డిసెంబర్‌లోనే నన్ను ప్రాజెక్టు నుంచి తీసేసి బెంచ్ మీద కూర్చోబెట్టారు. బెంచ్ అంటే తెలుసు కదా, జీతం వస్తుంది కానీ పని ఉండదు. ఎన్నాళ్లు వస్తుందో కూడా తెలీదు. నాలుగేళ్లుగా నేను చేసింది మాన్యువల్ టెస్టింగ్. స్క్రీన్ మీద బటన్ నొక్కడం, పనిచేస్తోందో లేదో రాసుకోవడం. కొత్త ప్రాజెక్టులన్నీ కోడింగ్ వచ్చినవాళ్లనే అడుగుతున్నాయి. నా బీటెక్‌లో పైథాన్ ఒక సబ్జెక్టు. అందులో నాకు మంచి మార్కులే. కానీ ఖాళీ స్క్రీన్ ముందు కూర్చోబెడితే పది లైన్లు సొంతంగా రాయలేను. అక్క ఆడిటర్ గారి ముందు ఎలా కూర్చుందో, నేను లాప్‌టాప్ ముందు అలాగే కూర్చున్నా.

పొద్దున్నే లేచి అక్కతో నిజం చెప్పేశా. తను నవ్వలేదు, తిట్టలేదు. "సరే, అయితే ఇద్దరం మొదలుపెడదాం. పదిహేడు వద్దు. నాకు ఒక్కటి చెప్పు" అంది.

ఆ ఒక్కటి ఏదో తేల్చడానికే నాకు రెండు రోజులు పట్టింది. మీకు అంత టైమ్ పట్టకుండా, అప్పుడు తెలుసుకున్నవి ఇక్కడ చెప్తున్నా.

ఎక్కడ ఏముంది?

ఈ ఉచిత చదువుల కథ పాతదే. 2001లో అమెరికాలోని ఎంఐటీ, మా క్లాసు నోట్సులు, అసైన్‌మెంట్లు, పరీక్ష పేపర్లు నెట్‌లో అందరికీ ఉచితంగా పెడతామని ప్రకటించింది. అదే 'ఓపెన్‌కోర్స్‌వేర్'. ఇప్పుడు అందులో 2,500కి పైగా కోర్సులున్నాయి. లాగిన్ కూడా అడగదు. లీనియర్ ఆల్జీబ్రా అంటే భయపడేవాళ్లు అందులో గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి క్లాసులు చూడండి. బ్లాక్‌బోర్డు, చాక్‌పీసు, అంతే. ఆయన 2023లో, 88 ఏళ్ల వయసులో రిటైరయ్యారు. ప్రపంచంలో ఏ మూల ఇంజినీరింగ్ చదివినవాళ్లయినా ఆయనకి శిష్యులే.

మనకి దగ్గరగా ఉన్నది ఎన్‌పీటెల్. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టాయి. సివిల్, మెకానికల్, కంప్యూటర్స్ మాత్రమే అనుకోకండి. అకౌంటింగ్, ఎకనామిక్స్, ఇంగ్లిష్, సైకాలజీ కూడా ఉన్నాయి. ఏడాదికి రెండు సెషన్లు, జనవరిలో ఒకటి, జులైలో ఒకటి. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. వారం వారం వీడియోలు వస్తాయి, అసైన్‌మెంట్ వస్తుంది, దానికి గడువుంటుంది. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. మామూలుగా ఒక కోర్సుకి వెయ్యి రూపాయలు. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన 'స్వయం' పోర్టల్‌లో ఇవి, వేరే యూనివర్సిటీల కోర్సులు కలిపి దొరుకుతాయి.

స్కూల్ లెక్కలే మర్చిపోయినవాళ్లకి ఖాన్ అకాడమీ. 2004లో సల్మాన్ ఖాన్ (మన హీరో కాదు!) అనే ఆయన వేరే ఊళ్లో ఉన్న చిన్నాన్న కూతురులాంటి ఓ బంధువుల అమ్మాయికి ఫోన్లో లెక్కలు చెప్పడంతో మొదలైంది. వీడియోల కన్నా అందులో ఉన్న ప్రాక్టీస్ లెక్కలే అసలు బలం. ఎనిమిదో తరగతి నుంచి మళ్లీ మొదలుపెట్టినా ఎవరూ చూడరు, ఎవరూ నవ్వరు.

ప్రోగ్రామింగ్‌కి హార్వర్డ్ వాళ్ల సీఎస్50 ఉంది. డేవిడ్ మలాన్ గారు చెప్తుంటే సినిమా చూసినట్టే ఉంటుంది. కానీ హోంవర్క్ మొదలుపెట్టాక సినిమా అయిపోతుంది, అసలు చదువు మొదలవుతుంది. ఆ హోంవర్క్ ఉచితమే, మనం రాసిన ప్రోగ్రామ్ సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పే ఏర్పాటూ ఉచితమే. వెబ్‌సైట్లు చేయడం నేర్చుకోవాలంటే 2014 నుంచి నడుస్తున్న ఫ్రీకోడ్‌క్యాంప్ ఉంది. అందులో చాలా పాఠాలు మన చేత కోడ్ రాయించి గానీ వదలవు.

ఇవి కాక పుస్తకాలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. తెలుగు మాటకి అర్థం కావాలంటే ఆంధ్రభారతి సైట్‌లో ఒకేసారి చాలా నిఘంటువులు వెతకొచ్చు. 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియా సరేసరి.

చూశారా, లిస్టు చెప్పడం మొదలుపెడితే నేను మళ్లీ పదిహేడు దాకా వెళ్లిపోతా! ఇక్కడితో ఆపేస్తా. అసలు సమస్య లిస్టు లేకపోవడం కాదని అక్క అడిగిన ప్రశ్నే చెప్పింది కదా.

చేరేవాళ్లు వందమంది.. పూర్తి చేసేవాళ్లు ముగ్గురు

నేనొక్కడినే బద్ధకస్తుణ్ని అనుకున్నా. కాదట. ఎంఐటీ పరిశోధకులు 2019లో 'సైన్స్' పత్రికలో ఒక లెక్క వేశారు. ఎంఐటీ, హార్వర్డ్ కలిసి నడిపిన ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్లు ఎంతమంది, పూర్తి చేసినవాళ్లు ఎంతమంది అని. 2017-18లో పూర్తి చేసినవాళ్లు 3.13 శాతం. అంటే వందమందిలో ముగ్గురు! చేరినవాళ్లలో సగం మందికి పైగా అసలు కోర్సు లోపలికే అడుగు పెట్టలేదు.

అదే డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలో 46 శాతం మంది పూర్తి చేశారు. డబ్బు కడితే చదువు వచ్చేస్తుందా? అలా అనుకుంటే పొరపాటే. గట్టిగా అనుకున్నవాళ్లే డబ్బు కడతారు కాబట్టి, ఆ తేడాలో ఎంత డబ్బు వల్ల, ఎంత పట్టుదల వల్ల అని విడదీయడం కష్టం. కానీ ఒకటి మాత్రం నాకు అర్థమైంది. ఉచిత కోర్సు మధ్యలో వదిలేస్తే మనకి పోయేదేం లేదు. నష్టం లేనిచోట వాయిదా వేయడం చాలా తేలిక. 'రేపు చూద్దాంలే' అనుకుంటాం. కోర్సు కూడా పాపం ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది.

ఇది మన తాతల కాలంలోనూ ఉన్నదే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలైంది. అయ్యంకి వెంకట రమణయ్య గారి లాంటివాళ్లు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. పాతూరి నాగభూషణం గారైతే కాలువల్లో పడవ మీద పుస్తకాలు పంపించి ఊళ్లకి చేర్చారు. ఒక్కసారి ఊహించుకోండి, జ్ఞానం పడవెక్కి మన రేవుకి రావడం! అదీ ఉచితమే. కానీ లైబ్రరీ పుస్తకానికి ఒక గుణం ఉంది. తిరిగి ఇచ్చేయాల్సిన తేదీ ఉంటుంది. ఆ తేదీ మనల్ని చదివిస్తుంది. మన 'వాచ్ లేటర్'కి ఆ తేదీ లేదు.

చూస్తే వచ్చేస్తుందా?

ఇంకో చిక్కుంది. మంచి మాస్టారి వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. తల ఊపుతాం, 'ఓస్ ఇంతేనా' అనుకుంటాం. వీడియో ఆపి, ఇప్పుడు నువ్వు చెప్పు అంటే నోట మాట రాదు. గట్టు మీద కూర్చుని ఎంతసేపు చూసినా ఈత రాదు కదా!

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసేసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే మొత్తం తారుమారైంది. రెండుసార్లు చదివినవాళ్లకి 42 శాతం గుర్తుంటే, మూసేసి రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది.

ఈ సంగతి నేను చదివి అక్కకి చెప్పేలోపే తను అదే పని చేస్తోంది. రాత్రి పాప పడుకున్నాక ఫోన్లో వీడియో చూసేది. తర్వాత ఫోన్ బోర్లించి పెట్టి, పాప పలక తీసుకుని ఆ ఎంట్రీలన్నీ చూడకుండా రాసేది. తప్పైతే తుడిచేసి మళ్లీ రాసేది. "నోట్‌బుక్ అయితే తప్పు రాశానని బాధగా ఉంటుందిరా. పలక అయితే తుడిచేస్తే పోతుంది" అంది. ఆడిటర్ గారి ప్రశ్నకి సమాధానం మూడో వారంలో దొరికిందట. 'డ్రాయింగ్స్ డెబిట్, క్యాష్ క్రెడిట్' అని పలక మీద రాసి, ఫొటో తీసి నాకు పంపింది. పక్కనే పాప గీసిన ఏనుగు బొమ్మ కూడా ఉంది.

మేం పెట్టుకున్న రూల్స్

అక్క ఎన్‌పీటెల్‌లో పన్నెండు వారాల అకౌంటింగ్ కోర్సులో చేరింది. నేను అందులోనే పైథాన్‌తో డేటా స్ట్రక్చర్స్ కోర్సులో చేరా. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ గారు చెప్తారు, ఎనిమిది వారాలు. ఇద్దరం కలిసి నాలుగు రూల్స్ పెట్టుకున్నాం.

ఒకటి: ఒక్క కోర్సే. అది అయ్యేదాకా వేరే దాంట్లో చేరకూడదు, సేవ్ కూడా చేయకూడదు. నా 214 వీడియోలూ ఆ రోజే డిలీట్ చేశా. చెయ్యి వణికింది, నిజం చెప్తున్నా. ఇప్పటిదాకా వాటిలో ఒక్కటీ గుర్తు రాలేదు.

రెండు: వీడియో ఎంతసేపు చూస్తామో, చేతితో అంతసేపు పని చేయాలి. అరగంట పాఠమైతే అరగంట లెక్కలు.

మూడు: పరీక్ష ఫీజు ముందే కట్టేయాలి. వెయ్యి రూపాయలు అక్కకి చిన్న మొత్తం కాదు. బావ మెడికల్ షాపు లెక్కల్లోంచి అడగకుండా, తన దగ్గర దాచుకున్నవే కట్టింది. ఇక వదిలేసే ప్రశ్నే లేదంది.

నాలుగు: ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్. ఆ వారం నేర్చుకున్నది ఒకరికొకరు అర్థమయ్యేలా చెప్పాలి. వినేవాళ్లకి ఆ సబ్జెక్టు రాదు కాబట్టి దబాయించడం కుదరదు.

ఈ నాలుగో రూలే నన్ను మార్చింది. నాలుగో వారంలో అనుకుంటా, పైథాన్‌లో 'డిక్షనరీ' గురించి చెప్తున్నా. లక్ష పేర్లున్నా కావాల్సింది చటుక్కున ఎలా తీస్తుందో చెప్పాలి. హ్యాష్ అన్నా, ఫంక్షన్ అన్నా, ఇండెక్స్ అన్నా. అక్క విని విని, "నీకే అర్థం కాలేదురా, అందుకే ఇంగ్లిష్ మాటలు చెప్తున్నావ్" అంది. చిర్రెత్తుకొచ్చింది కానీ నిజమే. మళ్లీ కోర్సు తెరిచి, కాయితం మీద బొమ్మలు వేసుకుని కూర్చున్నా.

తర్వాతి ఆదివారం చెప్పా. "అక్కా, బావ షాపులో ఎవరైనా మందు అడిగితే అన్ని అరలూ వెతుకుతాడా? పేరు వినగానే అది ఏ అరలో ఉందో తెలిసిపోతుంది, నేరుగా అక్కడికే వెళ్తాడు. పేరుని బట్టి అర నంబరు చెప్పే లెక్కే హ్యాష్ ఫంక్షన్." అక్క వెంటనే "మరి ఒకే అరలో రెండు మందులు పడితే?" అంది. అది ఆ పాఠంలో తర్వాత వచ్చే అసలు ప్రశ్న! మా బీటెక్ క్లాసులో అరవై మందిమి, ఒక్కరం కూడా అడగలేదు.

ఫోన్ ఒక్కటే ఉందా? పర్లేదు

లాప్‌టాప్ లేదని ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్క కోర్సంతా ఫోన్లోనే చేసింది. తన అనుభవంలోంచి, నాకు తెలిసిందాంట్లోంచి కొన్ని చిట్కాలు.

బోర్డు మీద రాసే పాఠానికి హెచ్‌డీ అక్కర్లేదు. క్వాలిటీ 360కి తగ్గించండి, డేటా బాగా మిగులుతుంది. ఎన్‌పీటెల్ పాఠాలకి రాతప్రతులు కూడా ఉంటాయి, డౌన్‌లోడ్ చేసుకుని చదువుకోవచ్చు. ఇంగ్లిష్‌లో స్పీడుగా చెప్తే అర్థం కాకపోతే స్పీడు 0.75కి తగ్గించి, కింద సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి. కొన్ని కోర్సులకి తెలుగుతో సహా మన భాషల్లో అనువాదాలూ ఉన్నాయి, కోర్సు పేజీలో ఓసారి చూడండి.

కోడింగ్ విషయానికొస్తే, గూగుల్ కోలాబ్ ఫోన్ బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది. పైథాన్ మొదటి పాఠాలకి సరిపోతుంది. పెద్ద ప్రోగ్రాములు ఫోన్లో రాయడం మాత్రం కష్టమే, ఆ సంగతి దాచను. అలాంటప్పుడు ముందు కాయితం మీద రాసి, కాలేజీ ల్యాబ్‌లోనో ఫ్రెండ్ లాప్‌టాప్‌లోనో వారానికోసారి నడిపి చూసుకోండి. కాయితం మీద రాసే అలవాటు ఇంటర్వ్యూలో కూడా పనికొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, చదివే అరగంట నోటిఫికేషన్లు ఆపేయండి. అదే ఫోన్లో రీల్స్ కూడా ఉన్నాయన్న సంగతి మనకీ తెలుసు, దానికీ తెలుసు.

సర్టిఫికెట్ సంగతేంటి?

ఇది అందరూ అడిగే ప్రశ్నే. ఎన్‌పీటెల్ పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటర్‌కి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్. అందుకే దానికి కొంత విలువుంది. మీరు ఇంకా కాలేజీలో ఉంటే, ఈ కోర్సుల క్రెడిట్లు డిగ్రీలో కలుపుతారేమో మీ డిపార్ట్‌మెంట్‌లో అడగండి. స్వయం కోర్సుల్లో 40 శాతం దాకా క్రెడిట్లు తీసుకోవడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకుంటాయి. సీఎస్50 అయితే హోంవర్క్‌లు, ఫైనల్ ప్రాజెక్టు పూర్తి చేస్తే దాని సొంత సర్టిఫికెట్ ఉచితంగానే ఇస్తుంది.

కానీ సర్టిఫికెట్ తలుపు దగ్గరి దాకానే తీసుకెళ్తుంది. నాకు మే నెలలో కంపెనీలోనే ఒక ఆటోమేషన్ ప్రాజెక్టుకి ఇంటర్వ్యూ జరిగింది. నా సర్టిఫికెట్ గురించి ఆవిడ ఒక్క మాట కూడా అడగలేదు. "లిస్టులో వెతకడానికి, డిక్షనరీలో వెతకడానికి తేడా ఏంటి?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. మెడికల్ షాపు కథ చెప్పా. ఒకే అరలో రెండు మందులు పడితే ఏమవుతుందో ఆవిడ అడక్కముందే చెప్పా. తర్వాత ఒక చిన్న ప్రోగ్రామ్ రాయమన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది, మధ్యలో రెండు తప్పులు చేసి దిద్దుకున్నా. బెంచ్ మీద నుంచి లేచా. జీతం పెరగలేదు, హోదా పెరగలేదు. ఉద్యోగం మాత్రం ఉంది.

మరి అక్క?

అక్క కథ అంత సాఫీగా నడవలేదు. ఏప్రిల్‌లో పరీక్ష రాయడానికి గుంటూరు వెళ్లింది. పాపని అమ్మ దగ్గర వదిలి, తెల్లవారుజామున బస్సెక్కింది. ఫలితాలొచ్చాయి. ముప్ఫై రావాల్సిన చోట ఇరవై ఏడు. మూడు మార్కులు తక్కువ.

ఆ ఆదివారం ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. బావకి చేస్తే, "ఇప్పుడేం మాట్లాడకు, రెండు రోజులు వదిలెయ్" అన్నాడు. నాకు భయమేసింది. పదిహేడు లింకులు పంపి ఊరుకున్నా ఇంత బాధ ఉండేది కాదేమో, దీంట్లోకి దించింది నేనే కదా అనిపించింది. ఈ వ్యాసంలో నాలుగు రూల్స్ చెప్పానే, అవన్నీ పాటించినా ఒక్కోసారి ఇలాగే అవుతుంది. ఎక్కడా ఎవరూ ఇది చెప్పరు.

మూడో రోజు తనే ఫోన్ చేసింది. "కూర్చుని లెక్క చూసుకున్నారా. జర్నల్ ఎంట్రీలన్నీ బాగానే వచ్చాయి. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ దగ్గరే పోయింది. అది ఒంట్లో బాలేనప్పుడు పలక మీద రాయలేదు, ఊరికే చూసి వదిలేశా" అంది. జులైలో మళ్లీ అదే కోర్సులో చేరింది. మళ్లీ వెయ్యి రూపాయలు కట్టింది. ఈసారి పాప కూడా పక్కన కూర్చుని ఇంకో పలక మీద అంకెలు రాసేదట. అక్టోబర్‌లో మళ్లీ గుంటూరు బస్సు. పాసైంది. అసైన్‌మెంట్లతో కలిపి 68.

సర్టిఫికెట్ ప్రింటు తీసుకుని అదే ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని ఓసారి చూసి పక్కన పెట్టి, ఒక షాపు వాళ్ల బిల్లుల కట్ట ఇచ్చారట. "సాయంత్రంలోగా ఇవి ఎక్కించమ్మా, చూద్దాం" అని. అక్క మధ్యాహ్నానికే ముగించింది. ఇప్పుడు పాప స్కూల్ టైమ్‌లో రోజూ వెళ్తోంది. పెద్ద జీతమేం కాదు. మొదటి నెల జీతంలో పాపకి ఒక కొత్త పలక, తనకి ఒక నోట్‌బుక్ కొనుక్కుంది. "ఇప్పుడు తప్పులు రాసినా బాధలేదురా" అంది.

మీ ఫోన్లో కూడా సేవ్ చేసిన లిస్టు ఒకటి ఉండే ఉంటుంది. ఈ వ్యాసం కూడా అందులోకి పంపేయకండి. ఆ లిస్టులోంచి ఒక్కటి తీయండి. ఎవరికి చెప్తారో ఆ మనిషిని ఎంచుకోండి. మిగతావి తర్వాత చూద్దాం.

మొన్న ఆదివారం తొమ్మిదింటికి యథాప్రకారం ఫోన్ మోగింది. మా ఫోన్లు ఇంకా ఆగలేదు. అక్క గొంతులో హుషారు. "ఒరేయ్, జీఎస్టీ సరిగ్గా నేర్చుకోవాలి. ఏముంది?"

నేను ఉత్సాహంగా మొదలుపెట్టబోయా. "అక్కా, చాలా ఉన్నాయి, ఇప్పుడే లింకులు.."

"ఒక్కటి!" అంది.